వెయ్యి గెలుపుల లెక్కలో ఆ పదిహేను మ్యాచ్‌లు

మిషిగన్ అభిమానితో వాదనకు దిగితే రెండో మాటకే 'వెయ్యి' బయటికొస్తుంది. 2023 నవంబర్ 18న మేరీలాండ్‌పై 31-24తో నెగ్గి, అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) 1,000 విజయాలు అందుకున్న మొదటి జట్టయింది మిషిగన్ యూనివర్సిటీ. బద్ధ ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌తో ముఖాముఖిలోనూ 2024 మ్యాచ్ వరకు అధికారిక లెక్క 62-51, ఇంకో 6 డ్రాలు. ఇంకేం, ఎవరు గొప్పో తేలిపోయిందిగా అంటారు.

నాకైతే తేలలేదు.

ఈ రెండు జట్లు తొలిసారి తలపడింది 1897లో. మిషిగన్ 34-0తో గెలిచింది. 1902లో అయితే ఏకంగా 86-0. దాన్ని పోటీ అనడానికి నోరు రాదు. ఫీల్డింగ్ యోస్ట్ కోచ్‌గా ఉన్న మిషిగన్ అంతకు ముందు ఏడాది, 1901 సీజన్‌లో, 550 పాయింట్లు కొట్టి ఎదుటివాళ్లకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు. 1918 దాకా ఒహాయో స్టేట్‌తో ఆడిన 15 మ్యాచ్‌ల్లో 13 మిషిగన్‌వి, రెండు డ్రా. ఒహాయో స్టేట్‌కు తొలి గెలుపు 1919లో గానీ దక్కలేదు.

ఆ పదిహేనూ పక్కన పెట్టి చూడండి. మిషిగన్ 49, ఒహాయో స్టేట్ 51. ఆధిక్యం అటు నుంచి ఇటు మారిపోయింది! వందేళ్లకు పైగా మిషిగన్ తింటున్నది తాతలు పెట్టిన మూటలోదే. అలాగని 1919 నుంచే లెక్కపెట్టాలని శాసనమేమీ లేదు. 2001 నుంచి 2019 వరకే చూస్తే మైదానంలో 19కి 17 ఒహాయో స్టేట్ గెలిచింది. 2021 నుంచి 2024 వరకు నాలుగూ మిషిగన్‌వే. కత్తెర ఎవరి చేతిలో ఉంటే గీత వాళ్లకు నచ్చిన చోట పడుతుంది. నా ఓటు మాత్రం 1919కే. రెండో జట్టుకు గెలవడం చేతనయ్యాకే కదా వైరం అనేది మొదలయ్యేది.

పైన చెప్పిన 51లోనూ ఓ తిరకాసు ఉంది. 2010లో ఒహాయో స్టేట్ 37-7తో మిషిగన్‌ను చిత్తు చేసింది. ఆ గెలుపు ఇప్పుడు రికార్డుల్లో లేదు. దీని వెనక చిన్న బంగారు బొమ్మ కథ ఉంది. 1934లో ఒహాయో స్టేట్ కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్‌ను మిషిగన్ గురించి అడిగితే, వాళ్లూ మనలాగే ఒక్కో కాలే దూర్చి ప్యాంటు తొడుక్కుంటారుగా అన్నాడు. ఆ ఏడాది ఒహాయో స్టేట్ గెలిచింది, అదీ 34-0తోనే. అప్పటి నుంచి మిషిగన్‌ను ఓడించిన ప్రతిసారీ ఆటగాళ్లకు బుల్లి బంగారు ప్యాంటు బొమ్మ ఇస్తారు. 2010 నాటి జట్టులోని కొందరు ఆటగాళ్లు అలాంటి బొమ్మల్ని, ఇతర జ్ఞాపికల్ని డబ్బుకు, టాటూలకు ఇచ్చేశారు. అప్పటి కాలేజ్ ఆటల నిబంధనల ప్రకారం అది తప్పు. సంగతి తెలిసీ అప్పటి కోచ్ జిమ్ ట్రెస్సెల్ దాచాడు. చివరికి 2010 సీజన్‌లోని 12 విజయాలూ రికార్డుల్లోంచి పోయాయి.

అలబామా, నోటర్‌డేమ్ జట్లు కూడా వేర్వేరు కేసుల్లో చెరో 21 గెలుపులు ఇలాగే పోగొట్టుకున్నాయి. 2012లో పెన్ స్టేట్ నుంచి తీసేసిన 112 విజయాలను మాత్రం 2015లో తిరిగిచ్చారు. తమాషా ఏంటంటే, ఇలా రద్దయితే గెలిచినవాడి ఖాతాలో గెలుపు పోతుంది గానీ, ఓడినవాడి ఖాతాలో ఓటమి పోదు. 2010 నాటి మ్యాచ్‌లో మిషిగన్ ఓడింది, అది పుస్తకంలో ఉంది. ఎవరి చేతిలో ఓడిందంటే మాత్రం గెలిచినవాడు లేడు.