పంటి గాటు చూసి తల్లిని తిట్టే మెసేజ్

వారంలో ఇది ఆరోసారి. ఈసారి పంపింది మా బరంపురం పిన్ని. పిల్లల ముందు పళ్లలో గాట్లుంటే తల్లికి సవాయి రోగం, అంటే సిఫిలిస్, ఉన్నట్టేనట. డెంటల్ చీటీ మీద 'కె00' అని ఉంటే అది ఆ రోగానికి రహస్య కోడట. కడుపుతో ఉండగా పెన్సిలిన్ వేయించుకుంటే బిడ్డ పళ్లు ఇలా అవుతాయట. జామాకు కషాయం పుక్కిలిస్తే గాట్లు పూడతాయట.

జామాకు సంగతి వదిలేయండి. పంటి పైనుండే గట్టి పొర, ఎనామెల్, పోతే తిరిగి రాదు.

కోడ్ సంగతి నాకు వదిలేయండి. పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని నేను చేసేది మెడికల్ కోడింగే, అంటే ఆసుపత్రి చీటీల్లోని జబ్బులకు కోడ్‌లు వేయడం. కె00 అంటే పళ్లు ఏర్పడటంలో, రావడంలో వచ్చే తేడాలు. ఫ్లోరైడ్ మచ్చలకు కె00.3, ఎనామెల్ సరిగా ఏర్పడకపోతే కె00.4. పుట్టుకతో వచ్చిన సిఫిలిస్ వల్ల పళ్లు పాడైతే ఎ50.5, అమెరికా చార్టుల్లో ఆ రోగపు గాటు పళ్లకు, అంటే హచిన్‌సన్ పళ్లకు, ఎ50.52. వాటిని ఇక్కడ వేయొద్దని కె00.4 కిందే రాసి ఉంటుంది. ఆ రోగానికి వాడొద్దన్న కోడ్‌నే ఏరి పట్టుకున్నాడు మహానుభావుడు!

ఆ మెసేజ్ చదివి మా వదిన ఏడేళ్ల కూతురి నోట్లో టార్చి వేసి చూసింది. కొత్తగా వచ్చిన ముందు పళ్ల అంచున రంపంలా మూడేసి బొడిపెలు. అవి మామూలే, కొరకగా కొరకగా అరిగిపోతాయి. హచిన్‌సన్ పన్ను అలా ఉండదు. అంచు వైపు సన్నబడి, మధ్యలో నెలవంకలా లోపలికి పోయి ఉంటుంది. అదైనా రక్తపరీక్ష లేకుండా, కళ్లూ చెవులూ చూడకుండా తేల్చరు. మా వీధి టైలర్‌కి దారం కొరికి కొరికి పంటిలో గాటు పడింది. ఇక ఆయన తల్లిని కూడా నిలదీద్దామా?

పెన్సిలిన్ మాట మాత్రం నవ్వులాట కాదు. బిడ్డ పళ్ల రంగు చెడగొట్టేది టెట్రాసైక్లిన్ అనే వేరే మందు. గర్భిణికి సిఫిలిస్ తేలితే బిడ్డకు అంటకుండా కాపాడేది పెన్సిలినే. ఈ మెసేజ్ నమ్మి ఒక్కరు ఆ ఇంజెక్షన్ మానేసినా బిడ్డ కడుపులోనే పోవచ్చు. 'ఊరికే ఫార్వర్డ్ చేశానే' అన్న పిన్నికి ఈ ఒక్క ముక్కా మూడుసార్లు చెప్పాను.

చివరి లైను మాత్రం ఒప్పుకుంటున్నాను: 'ఆసుపత్రి చీటీలు ఎవరికీ చూపించకండి.' ఎ50 అని బిడ్డ చీటీ మీద పడితే అది తల్లి గురించి కూడా చెప్పేస్తుంది. ఇన్నేళ్లుగా టైపు చేస్తున్నా నాకిది తట్టలేదు. కానీ ఆ లైను కిందే ఎవరి పాపదో డెంటల్ చీటీ ఫొటో, పేరూ వయసుతో సహా. పిన్నీ, ముందు అది డిలీట్ చెయ్యి.