మూడు నెలల షుగర్ రిపోర్టు గారికి

మహారాజశ్రీ హెచ్‌బీఏ1సీ గారి సమక్షానికి,

కర్నూలు నుంచి నమస్కారాలు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషికి తమరు 6.1 శాతం దయచేశారు. పక్కనే ‘కంట్రోల్ బాగుంది’ అని అచ్చు. తమరి లెక్కన సగటు షుగర్ 128. ఇంట్లో గ్లూకోమీటర్ పరగడుపున 170, సంగటి తిన్న రెండు గంటలకు 240 అంటోంది. రక్తం తక్కువైనవాళ్లకు మీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుందనే అనుకుందాం, అయినా ఇంత తేడానా?

కారణం తమరికి తెలియనిది కాదు. ఎర్రకణం ఒంట్లో తిరిగే దాదాపు 120 రోజుల్లో దానిలోని హిమోగ్లోబిన్‌కు చక్కెర నిదానంగా, ఏ ఎంజైము సాయమూ లేకుండా అంటుకుంటుంది. తమరు లెక్కపెట్టేది దాన్నే. కిడ్నీ పాడైతే ఆ కణం ముందే పోతుంది. రక్తం పడాలని ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్ వేస్తే కొత్త కణాలు దిగుతాయి, వాటికి చక్కెర పట్టే వ్యవధే ఉండదు. రక్తం ఎక్కిస్తే దాత లెక్క కూడా తమరి ఖాతాలోకే. ఐరన్ తగ్గితేనేమో తమరు పైకి ఎగబాకుతారు. ఇన్ని వైపులా ఊగుతూ మళ్లీ దశాంశం ఒకటి!

డయాలసిస్ వాళ్లలో తమరి మీద భరోసా తక్కువని కిడ్నీ వైద్యానికి దారి చూపే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2022 మార్గదర్శకాలు రాసే ఉన్నాయి. ఆ ఒక్క ముక్క రిపోర్టు కింద వేస్తే సిరా అయిపోతుందా? పోనీ రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌కు పట్టిన చక్కెరను కొలిచే గ్లైకేటెడ్ ఆల్బుమిన్ పరీక్షను పిలుద్దామంటే, మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్ల దగ్గర ఆయనా తక్కువే చెబుతాడు.

నువ్వు 6.1 అంటున్నంతసేపూ అదే చక్కెర ఒంటికి పట్టునిచ్చే ప్రొటీన్ కొల్లాజెన్‌కు పట్టి ముడులు వేస్తోంది. కొల్లాజెన్ నాలుగు నెలలకు పోయేది కాదు, ఏళ్ల తరబడి ఉండేది. గుండె గోడ బిగుసుకుంటుంది. ఎముక పెళుసవుతుంది, డెక్సా స్కాన్‌లో సాంద్రత బాగున్నా జారిపడితే తుంటి విరుగుతుంది. చక్కెర పట్టి పుట్టిన ఆ చెత్తను తోసెయ్యాల్సిన కిడ్నీయే మూలన పడింది. ఇక ఎముకలో పుట్టే ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోనుకైతే ఎంజైమే చక్కెర తొడుగు వేసి, తెగిపోకుండా కాపాడుతుంది. కిడ్నీ జబ్బులో అది పెరిగిపోయి గుండె ఎడమ జఠరికను దళసరి చేస్తుంది. దాని మీద కోపం ఇంకో ఉత్తరానికి.

రాత్రిపూట షుగర్ పడిపోయే సంగతైనా చెప్పావా? పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ను తొందరగా వదిలించదు, వేసిన డోసు ఒంట్లోనే ఉండిపోతుంది. పగలు 240, తెల్లవారుజామున 60 అయితే సగటు పేరుతో రెండింటినీ మింగేస్తావు. సిగ్గు లేదూ!

ఇకనుంచి తినకముందు, తిన్న రెండు గంటలకు, పడుకునేముందు, డయాలసిస్ రోజు వేరుగా, మామూలు రోజు వేరుగా రాసిన కాగితమే డాక్టరు ముందు పెడతాం. నువ్వు దాని కింద ఉండు. కిడ్నీ, రక్తం బాగున్నవాళ్ల దగ్గర నీ మాట ఇప్పటికీ వింటాం, అక్కడికి పో.

ఇట్లు,
కర్నూలు డయాలసిస్ వార్డు బయట బెంచీ మీదివాళ్లు