ఏడు నొక్కులు

పర్లాకిమిడిలో మా మావయ్యది జీడిపప్పు దుకాణం. అక్కడ బేరం తెలుగులో, గొడవ ఒడియాలో జరుగుతాయి.

ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికితే నేనో అరే (వరసగా పేర్చిన అంకెల పట్టీ) లైబ్రరీ రాసుకున్నాను, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట. అరేలతో లెక్కలు కట్టే సాధనాలు నమ్‌పై, జాక్స్ అని రెండున్నాయి; కింద వాటిలో ఏది ఉన్నా పైన కోడ్ ఒక్కటే. అంకెలు కంప్యూటర్ మామూలు మెమరీ ర్యామ్‌లో ఉన్నాయా, పెద్ద లెక్కలు వేగంగా చేసే చిప్ జీపీయూ మెమరీలో ఉన్నాయా అన్నది వాడేవాళ్లకి అక్కర్లేదు. (మావయ్య దుకాణం మూడొందల వరసల పద్దుకి జీపీయూ ఎందుకని అడక్కండి. నౌపడాలో పెద్ద బండి నుంచి సరుకు దించి గుణుపురం చిన్న బండికి ఎక్కించినట్టు, ప్రయాణం కన్నా అటూఇటూ మోయడమే ఎక్కువ. ఆ నారో గేజ్ బండి 2004లో ఆగింది, నా సరదా ఆగలేదు.)

"దసరాకి రేటు 5 శాతం పెంచితే ఎలాగుంటాదో చూపించరా అల్లుడూ" అన్నాడు మావయ్య. గత 10 రోజుల అప్పు అమ్మకాలు విడిగా తీసి 1.05తో హెచ్చవేసే బటన్ పెట్టాను. నా లాప్‌టాప్‌లో జాక్స్ మీద చూశాను, భేషుగ్గా ఉంది. దుకాణంలోని పాత కంప్యూటర్‌లో నమ్‌పై మీద పెట్టి వచ్చేశాను.

నాలుగో రోజు ఫోను. "ఒరే, అర్జంటుగా రా."

వెళ్తే, మిఠాయి కొట్టాయన గల్లాపెట్టె ముందు చీటీ ఊపుతున్నాడు. చీటీలో బాకీ 10,000. మా తెరమీద 14,071. ఒడియా మొదలైపోయింది.

"బటన్ ఎన్నిసార్లు నొక్కావు మావయ్యా?"

"ఏడు. నొక్కినకొద్దీ పెరుగుతోంది కదా, పండగ గిరాకీ అనుకున్నాను."

నా మొహం జీడిగింజలా నల్లబడింది. నమ్‌పైలో ముక్క కోసి తీస్తే అది వేరే ముక్క కాదు, అసలు అరేలోకి తెరిచిన కిటికీ. దాన్ని అక్కడికక్కడే హెచ్చవేస్తే అసలు పద్దే మారుతుంది. జాక్స్‌లో అరే మారదు. అదే లైను రాస్తే కొత్త అరే పుట్టి పేరు దానికి అంటుకుంటుంది, పాతది క్షేమం. రెండుచోట్లా ఎర్రర్ రాదు. ఏదైనా ఒకటి అరిచి చచ్చినా బాగుండేది!

మావయ్యకి ఇలా చెప్పాను: "నా దగ్గర జిరాక్స్ మీద రాసినట్టు, నీ దగ్గర ఖాతా పుస్తకం మీదే రాసినట్టు."

"మరి రెండింటికీ ఒకే బటన్ ఎందుకెట్టావు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ముందు కాపీ తీసి ఆపైన హెచ్చవేసేలా మార్చాను, ఒక్క లైను. పాత పద్దు చీటీలు చూసి మళ్లీ ఎక్కించడానికి మాత్రం రాత్రి పదకొండయింది. మిఠాయి కొట్టాయన 9,500 కట్టి, మిగతాది పరువుకింద తగ్గించుకున్నాడు.

షట్టర్ దించుతూ మావయ్య నెమ్మదిగా అడిగాడు: "ఇంకో రెండుసార్లు నొక్కుంటే ఎంతయ్యేదిరా?"

"15,513."

"పోనీలే" అని తాళం వేశాడు, కాస్త దిగులుగా.