చౌక కార్డుకి డీకోడర్ దండగా?

బావ పెళ్లి వీడియోలు తీస్తాడు. బావమరిదిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీడియోని కుదించే ఏవీ1 లాంటి కొత్త ఫార్మాట్లను విప్పే సర్క్యూటు (డీకోడర్) ప్రతి గ్రాఫిక్స్ చిప్‌లో ఉండాలా, ఖరీదైనవాటిలో ఉంటే చాలా అన్నది వీళ్ల తగువు. నేను బావ పక్షం. అలాగని రెండోవాడి నోరు నొక్కలేదు.

బావమరిది: ఏవీ1 చూడ్డానికి ప్రత్యేకంగా హార్డ్‌వేర్ ఎందుకు బావా? వీఎల్‌సీ ప్లేయర్ వాళ్ల ‘డేవిడ్’ డీకోడర్ ఉచితంగా దొరుకుతోంది. నాలుగు కోర్ల ప్రాసెసరు మీద 1080పీ హాయిగా ఆడుతుంది. చిప్‌లో చోటు ఊరికే రాదు కదా.

బావ: ఆడుతుంది, 1080పీ వరకూ. ఒరేయ్, 2022 జనవరిలో ఏఎండీ 199 డాలర్లకి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. అదే వరుసలో పెద్ద కార్డులకి 2020 నుంచే ఏవీ1 డీకోడర్ ఉంది. దీంట్లో లేదు. అంతటితో ఆగారా? వీడియోని కుదించి తయారుచేసే ఎన్‌కోడర్ మొత్తం పీకేశారు, మామూలు పాత ఫార్మాట్ హెచ్.264 కూడా రికార్డు చెయ్యలేదు. 2016 నాటి ఆర్‌ఎక్స్ 480 ఆ పని చేసేది! ఖరీదైన కార్డు కొన్నవాడి దగ్గర ప్రాసెసరూ ఖరీదైనదే ఉంటుంది, కార్డు చెయ్యకపోతే అది చేసుకుంటుంది. చౌక కార్డు కొన్నవాడి దగ్గర ఉండేవి పాత నాలుగు కోర్లు. వాటి మీద 4కే 60 ఫ్రేములు పడితే ఫ్యాన్ హోరు, బొమ్మ తడబాటు. అవసరం ఎవరికుందో వాళ్లకే కోత పెట్టారు.

బావమరిది: అది డెస్క్‌టాప్ కోసం గీసిన చిప్పే కాదు బావా. ల్యాప్‌టాప్‌లో ఏఎండీదే రైజెన్ 6000 ప్రాసెసరు పక్కన పెట్టడానికి గీసింది. ఆ ప్రాసెసరు గ్రాఫిక్స్‌లో డీకోడరూ ఎన్‌కోడరూ ఉన్నాయి, రెండోసారి ఎందుకు? కార్డులే దొరకని రోజుల్లో దాన్ని డెస్క్‌టాప్‌కీ అమ్మారు. అసలు లేకపోవడం కంటే నయమేగా?

(దెబ్బ తగిలింది. బావ వెంటనే మాట్లాడలేదు.)

బావ: కార్డు కొని బోర్డులో గుచ్చుకున్నవాడికి ల్యాప్‌టాప్ కథ చెప్తే ఏం ఒరుగుతుంది? అదే ఏడాది ఇంటెల్ కార్డు ఆర్క్ ఏ380 వచ్చింది. ఏఎండీ దానిలాగే అదీ టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలో 6 నానోమీటర్ల పద్ధతిలో చేసిందే, ధర 140 డాలర్లకి అటూఇటూ. ఏవీ1 విప్పడమే కాదు, తయారు కూడా చేస్తుంది.

బావమరిది: చిప్ సైజు చూశారా? ఏఎండీది 107 చదరపు మిల్లీమీటర్లు, ఇంటెల్‌ది 157.

బావ: ఆ 50 డీకోడరే మింగేసిందా? మెమరీకి వెళ్లే దారి (బస్సు) ఇంటెల్‌ది 96 బిట్లు, ఏఎండీది 64. అవన్నీ లెక్కలోకి రావా?

బావమరిది: సరే, కార్డులో బొమ్మ గీసే చిన్న లెక్కల యూనిట్లు, షేడర్లు, వందల్లో ఖాళీగా ఉంటాయి. డీకోడింగ్ వాటికి అప్పగిస్తే పోలా?

బావ: ఇంటెల్ తన పాత హాస్వెల్, బ్రాడ్‌వెల్ ప్రాసెసర్ల రోజుల్లో, ఏవీ1 కంటే ముందుది వీపీ9 ఫార్మాట్‌కి అదే చేసింది, కొంత షేడర్లు, కొంత ప్రాసెసరు. తర్వాతి కేబీ లేక్ ప్రాసెసర్లకి వచ్చేసరికి బుద్ధిగా పూర్తి సర్క్యూటు పెట్టింది. కుదించిన బిట్లలో ఒక గుర్తు తేలితేగాని తర్వాతిదేమిటో తెలియదు, వరసగా నడవాలి. ఆ మెట్టు దగ్గర వెయ్యి షేడర్లుండి ఏం లాభం? డ్రైవర్ అప్‌డేట్‌తో వచ్చేది కాదిది. సిలికాన్‌లో లేకపోతే లేనట్టే.

బావమరిది: ఉన్నా లేనట్టే! 2025లో బయటపడింది కదా, హెచ్‌పీ, డెల్ కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌ఈవీసీ (హెచ్.264 తర్వాతి ఫార్మాట్) డీకోడింగ్ ఆపేశాయని. చిప్‌లో సర్క్యూటు ఉంది, తాళం వేశారు. అందరి అనుమానం పేటెంటు రుసుముల మీదే.

బావ: అది హెచ్‌ఈవీసీ గొడవ.

బావమరిది: మీ కెమెరా తీసేది దేంట్లో?

బావ: ...హెచ్‌ఈవీసీలోనే. అందుకే చెప్తున్నా. విండోస్‌లో ఆ ఫైలు తెరవడానికి స్టోర్‌లో 99 సెంట్లు విడిగా అడుగుతారు. ఆ పేటెంటు రుసుముల బాధ పడలేకే గూగుల్, నెట్‌ఫ్లిక్స్, ఇంటెల్ వగైరాలు 2015లో కూటమి కట్టి ఏవీ1 తెచ్చాయి.

బావమరిది: పేటెంట్ల కంపెనీ సిస్వెల్ దాని మీదా పలువురి పేటెంట్లు ఒకచోట చేర్చి రుసుము అడిగే పూల్ పెట్టిందిగా?

బావ: పెట్టింది. మనం మాట్లాడేది చిప్ గురించా, కోర్టు గురించా?

బావమరిది: రుసుముల ఊసెత్తితే మీకు కోపం.

బావ: తాళాల ఊసెత్తింది నువ్వు!

బావమరిది: చిప్ గురించే అడుగుతా. హెచ్‌ఈవీసీ తర్వాతి ఫార్మాట్ వీవీసీ 2020లో ఖరారైంది. ఇంటెల్ 2024లో లూనార్ లేక్ ప్రాసెసర్లలో దాని డీకోడర్ పెట్టింది. మీకెవరైనా ఒక్క వీవీసీ వీడియో పంపారా? కొన్న ప్రతివాడూ ఆ చోటుకి డబ్బు కట్టాడు. రేపు దాని తర్వాతిది ఏవీ2 వాడుకలోకి వస్తే మీ ఏవీ1 సర్క్యూటూ అంతే.

బావ: పంపలేదు, ఒప్పుకుంటా. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. పంపేవాడు చిప్ కోసం చూస్తాడు, చిప్ చేసేవాడు వీడియో కోసం చూస్తాడు. ఆపిల్ 2018లోనే ఏవీ1 కూటమిలో చేరింది, ఐఫోన్‌లో డీకోడర్ పెట్టింది 2023లో, అదీ 15 ప్రోలోనే. అందరూ అలాగే కూర్చుంటే ఎప్పటికి? నా పని సంగతి విను. మండపంలో ఫోన్ సిగ్నల్ మీద లైవ్ పెడతాను, అమెరికాలో చుట్టాలు చూస్తుంటారు. అప్‌లోడ్ రెండు మూడు మెగాబిట్లే దొరుకుతుంది. హెచ్.264లో అయితే తలంబ్రాలు పోసేసరికి తెరంతా గళ్లు. గింజ గింజా ఒక్కోవైపు ఎగురుతుంటే పాత ఫార్మాట్ ఎక్కడ మోస్తుంది? అదే బిట్‌రేటుకి ఏవీ1లో మొహాలు పోల్చుకోగలం. యూట్యూబ్ లైవ్‌కి ఏవీ1 తీసుకుంటోంది, లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ పంపుతోంది. మధ్యలో తయారుచేసే చిప్ ఒక్కటే కావాలి.

బావమరిది: ఎస్‌వీటీ అని ఏవీ1 తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ఉంది, దాన్ని ఫాస్ట్ ప్రీసెట్‌లో పెట్టండి, ప్రాసెసరే చేస్తుంది.

బావ: రెండు కెమెరాల స్విచింగ్, టైటిళ్లు, రికార్డింగ్ అన్నీ ఆ పాత ప్రాసెసరు మీదే ఉన్నాయిరా.

బావమరిది: మరి ఫైనల్ ఫైలు? అదీ హార్డ్‌వేర్‌తోనేనా?

బావ: కాదు. అది రాత్రంతా ప్రాసెసరు మీదే వదిలేస్తా. నాణ్యత సాఫ్ట్‌వేర్‌దే, అందులో వాదం లేదు.

బావమరిది: అయితే ఏ380 కొంటారా? రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరు ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డు మీది. దాంట్లో గేమ్‌లు నత్తనడక నడుస్తాయి.

బావ: గేమ్‌లు ఆడేది మీ మేనల్లుడు. వాడికి పరీక్షలు.