మడమ ఎముకకు సీటీ అనవసర ఖర్చు కాదు

మడమ ఎముక విరిగితే ఎక్స్‌రే చాలు, సీటీ స్కాన్ అదనపు ఖర్చేనని ఒక వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికులు, సెంట్రింగ్ పనిలో జారిపడిన కూలీలు మా ఫిజియోథెరపీ కేంద్రానికి వస్తుంటారు. వాళ్లకు ఈ మాట చాలా నష్టం చేస్తుంది.

ఎముక కుంగిందని ఎక్స్‌రేలో తెలుస్తుంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో మడమ ఎముక ఎత్తును సూచించే బోలర్ కోణం మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది, కుంగితే తగ్గుతుంది. కానీ చీలమండ కింది కీలు ఎన్ని ముక్కలైంది, ఏ ముక్క ఎటు జరిగింది అన్నది స్పష్టంగా చూపేది సీటీయే. ఈ కీలు ఎన్ని ముక్కలైందో చూసి విరుగుడును నాలుగు రకాలుగా విభజించే శాండర్స్ వర్గీకరణ 1993లో వచ్చింది, అది నిలబడింది ఆ చిత్రాల మీదే. ముక్కలు కదలకపోతే మొదటి రకం, సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. రెండు, మూడు రకాల్లో కీలు సరిచేసి ప్లేటు, స్క్రూలు వేయాలా అని ఆలోచిస్తారు. నాలుగో రకంలో కీలు నుజ్జయిపోతుంది. కొందరికి ఆ కీలు ఇక కదలకుండా ఎముకలను కలిపి అతికించేయాల్సి వస్తుంది.

అలాగని సీటీ తీయగానే కోత పెట్టమని కాదు. మడమ విరిగినవారి మీద జరిగి 2014లో బ్రిటన్‌లో వెలువడిన హెఫ్ట్ అనే అధ్యయనంలో, మడమ ఆకారం బాగా చెడిపోయిన వారిని మినహాయించి చూస్తే, రెండేళ్లకు ఆపరేషన్ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ నొప్పిలో, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చిక్కులు మాత్రం ఆపరేషన్ వైపే ఎక్కువ. పొగతాగేవారికి, షుగర్ ఉన్నవారికి గాయం మానడం మరీ కష్టం. ఆపరేషన్ చేయాలన్నా, వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనిపించేదాకా ఆగాలి.

ఎత్తు నుంచి పడినవారిని నడుం నొప్పి ఉందా అని కూడా తప్పక అడగండి. మడమతో పాటు వెన్నుపూస విరిగినవాళ్లూ ఉంటారు.