బ్యాండు కన్నా బరువైన బాక్సులకు ఒక బహిరంగ లేఖ

స్టోన్‌హెంజ్ గారికి,

సాలిస్‌బరీ మైదానంలో నిలబడ్డ రాళ్లకు కాదు ఈ ఉత్తరం. 1970లో ఫాదరింగే అనే ఇంగ్లండు ఫోక్ రాక్ బ్యాండు ముచ్చటపడి కొనుక్కున్న సౌండ్ బాక్సుల దొంతరకు. మీ ఆకారం చూసి ఆ పేరు పెట్టినవాళ్లకు ముందుగా ఒక దండం. ఆ రాళ్లే నయం, ఒకసారి నిలబెట్టి వేల ఏళ్లు వదిలేశారు. మిమ్మల్ని మాత్రం ప్రతి ఊళ్లోనూ బండి దించాలి, నిలబెట్టాలి, వైర్లు కలపాలి, కచేరీ అయ్యాక జనం ఇళ్లకు పోతుంటే మళ్లీ ఎక్కించాలి.

మీ యజమానులు ఐదుగురే. 1969 చివర్లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండు నుంచి బయటికొచ్చిన గాయని శాండీ డెనీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ట్రెవర్ లూకస్, ఆయనతోపాటు ఇక్లెక్షన్ బ్యాండులో డ్రమ్స్ వాయించిన జెరీ కాన్‌వే, అమెరికన్ గిటారిస్టు జెరీ డానహ్యూ, బేస్ వాయించే పాట్ డొనాల్డ్‌సన్. స్కాట్లండు రాణి మేరీని బంధించి 1587లో తల నరికిన కోట మీద శాండీ అంతకుముందే ఒక పాట రాసుకున్నారు. బ్యాండుకు ఆ కోట పేరే పెట్టారు. ఆయుష్షు సంగతి జాతకం చూపించుకోకుండానే తెలిసిపోవాల్సింది.

రికార్డు అడ్వాన్సు సొమ్ము జీతాలకు కొంత, తమరికి కొంత వెళ్లింది. అయ్యవారి సంపాదన అమ్మవారి బొట్టుకాటుకలకే చాలలేదంటారు. ఇక్కడ బొట్టూ కాటుకా తమరే.

ఇంతకీ మిమ్మల్ని ఎందుకు కొన్నట్టు? గొంతు వినబడాలని. ఫోక్ క్లబ్బులో ఒక గిటారు, ఒక గొంతు ఉంటే మైకు లేకపోయినా గడిచిపోతుంది. వెనక డ్రమ్స్, కరెంటు గిటార్లు చేరాక గడవదు. అక్కడిదాకా న్యాయమే. ఆ తర్వాత ఎవరికైనా తట్టే ఆలోచన వాట్లు పెంచడం. మోతను కొలిచేది డెసిబెల్స్‌లో. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే వాట్లు 10 రెట్లు. 100 వాట్ల దగ్గర మొదలుపెట్టినవాడు 1000కి పోవాలి. బాక్సులు, ఆంప్లిఫయర్లు, మోసే మనుషులు అన్నీ ఆ దారిలోనే పెరుగుతాయి. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ గాలికి పోతాయి కాబట్టి, పెద్ద మైదానంలో మీ అవసరం లేదని మేము అనం.

కానీ మెత్తటి గొంతుకు అడ్డుపడేది వాట్ల కొరత కాదు, కూత. మైకులో పడ్డ చప్పుడు ఆంప్లిఫయర్ మీదుగా బాక్సుకెళ్లి, బాక్సులోంచి మళ్లీ అదే మైకులో పడుతుంది. అలా ఒక చుట్టు తిరిగొచ్చేసరికి బయల్దేరినప్పటికన్నా పెద్దదైతే కూయ్‌మంటుంది. అది మొదలవకుండా ఎంతవరకు పెంచొచ్చన్నది నోటికీ మైకుకీ మధ్య దూరం, మైకుకీ బాక్సుకీ మధ్య దూరం, తెరిచి ఉన్న మైకుల లెక్క తేలుస్తాయి. నోరు 20 సెంటీమీటర్ల నుంచి 10కి జరిగితే దాదాపు 6 డెసిబెల్స్ ఉచితం. అదే 6 మీ దగ్గర కొనాలంటే వాట్లు 4 రెట్లు పెట్టాలి. 2 మైకులు తెరిచినచోట 4 తెరిస్తే 3 డెసిబెల్స్ వెనక్కి ఇచ్చేయాలి. స్టేజీ మీద మైకుల అడవి పెంచి, కూత వస్తోందని ఇంకో ఆంప్లిఫయర్ తెప్పించేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లంతా మీ శిష్యులే.

ఇప్పుడు శాండీ గొంతు పెట్టి చూడండి. 'బ్యాంక్స్ ఆఫ్ ద నైల్' సుమారు 8 నిమిషాల జానపద గాథ. లోగొంతులో మొదలై మెల్లగా లేస్తుంది. లోగొంతు అందాలని ఫేడర్, అంటే మైకు మోత పెంచే మీట, పైకి నెడితే, అదే మైకులో డ్రమ్స్ కూడా దూరతాయి. గాయకులకు తమ గొంతు తమకు వినబడాలని కాళ్ల దగ్గర మానిటర్ అనే చిన్న బాక్సు పెట్టే అలవాటు అప్పటికి అందరికీ రాలేదు. మిమ్మల్ని వెనక్కి జరిపితే కూత. ముందుకు జరిపితే గాయనికి తన గొంతు తనకు వినబడదు, అరిచి పాడాలి. వినిపించాలని కొన్నవాళ్లను అరిపించగల ఘనత తమరిది.

సరే, ఎవరైనా మీలాంటివారిని మళ్లీ నిలబెట్టబోతే రెండు మాటలు. ఒక బాక్సుకు ప్లస్ మైనస్ తారుమారైతే ఒక కోను (స్పీకర్‌లో కదిలే గరాటు) ముందుకొస్తే ఇంకోటి వెనక్కి పోతుంది, బేసు మాయమవుతుంది. పాట్ డొనాల్డ్‌సన్ ఎంత వాయించినా ఏం లాభం? 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. కోను బయటికి గెంటితే సరే. రెండోది, బాక్సు కరెంటుకు ఇచ్చే అడ్డు ఓముల్లో కొలుస్తారు. 8 ఓముల బాక్సులు ప్యారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) 2 కలిపితే 4 ఓములు, 4 కలిపితే 2. అంత కిందికి తట్టుకోని ఆంప్లిఫయర్‌కు బాక్సులు తగిలించుకుంటూ పోతే, మొదట వేడెక్కుతుంది, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు.

1970 అక్టోబరు 2న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మీ యజమానుల కచేరీ. గుండ్రటి గోడలు, పైన గుమ్మటం, పుట్టినప్పటి నుంచీ ప్రతిధ్వని రోగం. మందుగా 1969లో ఫైబర్‌గ్లాసు పుట్టగొడుగులు వేలాడదీశారు. అలాంటి చోట మోత పెంచితే ప్రతిధ్వనీ దాంతోపాటే పెరుగుతుంది. ఆ రాత్రి ముందుగా పాడింది అప్పుడప్పుడే అమెరికాలో పేరు కొట్టుకొచ్చిన ఎల్టన్ జాన్. పియానో, బేస్, డ్రమ్స్, అంతే. సభను ఆయన ఎత్తుకుపోయాక, ఆ రాత్రి పెద్ద పీట వేసుకున్న మీ బ్యాండు వచ్చి పాడాల్సి వచ్చింది. ఆ నేరం మీ మీద మోపం. ఎల్టన్ జాన్‌కు విరుగుడు ఏ బాక్సులోనూ ఉండదు.

ఆ ఏడాది చివర్లో రెండో ఆల్బమ్ మొదలై సగంలో ఆగింది. నిర్మాత జో బాయిడ్‌కు మొదట్నుంచీ శాండీ ఒంటరిగా పాడాలనే ఉండేది. 1971 జనవరికల్లా బ్యాండు లేదు, అదే ఏడు ఆమె సొంత ఆల్బమ్ వచ్చింది.

మిగిలినవి రికార్డులు. మొదటిది 1970లో చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్‌లో చేశారు. స్టూడియోలో గాయని చెవికి హెడ్‌ఫోన్లు ఉంటాయి, మైకుకు ఎదురుగా అరిచే బాక్సు ఉండదు, కాబట్టి లోగొంతు లోగొంతుగానే టేపు మీద పడుతుంది. ఆగిపోయిన రెండోదాన్ని జెరీ డానహ్యూ పట్టుబట్టి పూర్తిచేస్తే 2008లో బయటికొచ్చింది. దానికి పాత టేపులు, ఓపిక సరిపోయాయి. తమరి నుంచి ఒక్క వైరు కూడా అడగలేదు.

ఇట్లు,
కచేరీ అయ్యాక వైర్లు చుట్టేవాళ్లు