నాలుగో అంతస్తులో రీరికార్డింగ్

సినిమాలకి సంగీతం చేస్తానని చెబితే మా చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, "ఏ హీరోకి?" అని. హీరో ఎవరూ లేరండీ, ఊళ్ళోవాళ్ళే తీస్తున్నారు, దర్శకుడు పగలు బ్యాంకులో పనిచేస్తాడు అంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. "కాఫీ తాగుతావా?" అంటారు, జాలిగా.

పెద్ద సినిమాలకైతే సంగీత దర్శకుడి వెనక ఓ ఊరేగింపు ఉంటుంది. ప్రోగ్రామర్లు, రికార్డింగ్ ఇంజనీరు, మిక్సింగ్ ఇంజనీరు, వాయిద్యాలవాళ్ళని పిలిచే కోఆర్డినేటరు. నా దగ్గర వీళ్ళందరూ నేనే. టీ పెట్టే కుర్రాడు కూడా నేనే, కాకపోతే ఆ కుర్రాడికి మాత్రం టైముకి టీ దొరుకుతుంది.

ఒకప్పుడు తెలుగు సినిమాకి డబ్బు విజయవాడలో ఉండేది, సంగీతం మద్రాసులో ఉండేది. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లు తలూపితేనే అక్కడ సినిమా మొదలయ్యేదని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఇప్పుడు సంగీతం బెజవాడలోనే మా సత్యనారాయణపురం ఫ్లాట్లో, రెండో అంతస్తు పడగ్గదిలోకి వచ్చేసింది. డబ్బు ఎటు పోయిందో తెలీదు.

విషయానికొస్తాను. మా బ్యాంకు దర్శకుడు ఇరవై రెండు నిమిషాల సినిమా తీశాడు. ఊళ్ళో ఓ పెద్దాయన పోతాడు, కొడుకులు పొలం కోసం కొట్టుకుంటారు. మధ్యలో శవయాత్ర, నిమిషం నలభై సెకన్లు. మాటల్లేవు, అంతా ఆర్.ఆర్. మీదే నడవాలి. ఆర్.ఆర్. అంటే రీరికార్డింగ్, సన్నివేశం వెనక వినపడే సంగీతం. అంటే, అది బాగుంటే మీరు గమనించనిదీ, బాగోకపోతే మాత్రమే గమనించేదీ. ఎడిటింగ్‌లో ఆ చోట తాత్కాలికంగా ఏదో విదేశీ సినిమా సంగీతం పెట్టుకుని, దాన్ని నెల రోజులు విని విని, ఆఖరికి నాతో అన్నాడు: "అచ్చం ఇలాగే కావాలి బ్రో. కానీ మన మట్టి వాసన రావాలి."

నా కంప్యూటర్లో లండన్ హాల్లో వాయించిన వయొలిన్లున్నాయి. జపాన్ డోళ్ళున్నాయి. స్కాట్లండ్ వాళ్ళు ఊదే తిత్తి వాయిద్యం కూడా ఉంది, అది ఎందుకు కొన్నానో నాకే తెలీదు. మన శవయాత్రలో మోగే శంఖం, జేగంట మాత్రం లేవు. మట్టి వాసన కావాలంటే మనిషిని పిలవాల్సిందే.

మృదంగం వాయించే మిత్రుడొకడు దుర్గాపురంలో ఘంటసాల గారి పేరున్న సంగీత కళాశాలలో చదివాడు, వాడికి ఊళ్ళో ప్రతి వాయిద్యగాడూ తెలుసు. వాడు చావులకి శంఖం ఊదే ఓ జంగం దేవర గారి నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే ఆయన అడిగినవి రెండే మాటలు.

"ఎవరు పోయారు బాబూ?"

"ఎవరూ పోలేదండీ, సినిమాకి."

"అయితే రేటు వేరు."

ఆ రేటు ముందే ఇవ్వాలట. "మా పనిలో అరువుండదు బాబూ, తర్వాత ఇస్తానన్నవాడు మళ్ళీ కనపడడు," అన్నారు. ఇన్నేళ్ళ నుంచి నేను నా నిర్మాతలకి చెప్పలేకపోయిన మాట అది. మా దర్శకుడు పంపిన అగ్రిమెంటులో డబ్బు అంకె వేయాల్సిన చోట గీత ఉంది కానీ, సర్వహక్కులూ విశ్వమంతటా వాళ్ళవేనని మాత్రం స్పష్టంగా ఉంది. 2012లో కాపీరైటు చట్టానికి సవరణ చేసి, సినిమాలో వాడిన సంగీతానికి రాయల్టీ అందుకునే హక్కుని వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి లేదన్నారు. ఆ సంగతి చెబితే మా దర్శకుడు, "మన మధ్య చట్టాలేంటి బ్రో," అన్నాడు. నిజమే, మా మధ్య డబ్బే లేనప్పుడు చట్టం ఎందుకు.

రికార్డింగు తెల్లవారుజామున నాలుగున్నరకి పెట్టాం. మా వీధికి శబ్దం లేని ఘడియ అదొక్కటే. ఐదు దాటితే పాల బళ్ళు, ఆ తర్వాత మిక్సీలు, స్కూలు బస్సులు. తొమ్మిదికి పాత సామాన్లు కొనే ఆటో మైకు. నేను చేసిన ఓ ప్రేమ సన్నివేశంలో, చెవి పెట్టి వింటే, అమ్మాయి సిగ్గుపడిన తర్వాత "పాత కూలర్లు, పాత బీరువాలు కొంటాం" అని ఇప్పటికీ వినపడుతుంది. పైగా మే నెల. మైకు ఆన్ చేస్తే ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. గోడలకి ప్రతిధ్వని రాకుండా బొంతలు కట్టి ఉంటాయి. మే నెల బెజవాడలో బొంతల గదిలో కూర్చుని చేసేదాన్ని సంగీతం అనరు, తపస్సు అంటారు.

దేవర గారు చెప్పిన టైముకే వచ్చారు. ఒంటినిండా విభూతి, కాషాయం, ఒక చేతిలో శంఖం, ఇంకో చేతిలో జేగంట. గేటు తీసిన వాచ్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూసి, ఏ ఫ్లాటుకని కూడా అడగకుండా, చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడట. కథ అక్కడే మొదలైంది. ఆ సమయానికి నాకు తెలీదంతే.

ముందు శ్రుతి గొడవ. నేను కట్టుకున్న బాణీ రెండు కట్టై శ్రుతిలో ఉంది. కట్టై అంటే శ్రుతి ఎత్తుకి కొలత. శంఖం ఊదితే నాలుగున్నర కట్టైకీ ఐదు కట్టైకీ మధ్య ఎక్కడో పలికింది. "కొంచెం తగ్గించగలరా?" అన్నాను. ఆయన శంఖాన్ని తిప్పి తిప్పి చూపించి, "దీన్ని చేసింది సముద్రం బాబూ, బిరడాలు పెట్టలేదు," అన్నారు. దాంతో లండన్ వయొలిన్లన్నీ సత్యనారాయణపురం శంఖం దారికొచ్చాయి.

తర్వాత గది గొడవ. బొంతల మధ్య శంఖం ఊదితే చెవులు దిమ్మెక్కాయి, మైకు మీటరు ఎర్రగా నిలబడిపోయింది. ట్యాబ్‌లో వీడియో కాల్ మీదున్న మా దర్శకుడు, "మరీ దగ్గరగా ఉంది బ్రో. దూరం నుంచి రావాలి, ఊరి చివర నుంచి," అన్నాడు. మైకు గుమ్మంలో పెట్టి, దేవర గారిని మెట్ల మీద నిలబెట్టాను. మా మెట్ల దగ్గరి మోగుడు నేను కొన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, ఒళ్ళు జలదరించింది.

"బాగుంది. ఇంకా దూరం."

ఆయన మూడో అంతస్తుకెళ్ళారు.

"సూపర్. ఇంకొంచెం దూరం."

నాలుగో అంతస్తుకెళ్ళారు. పైనుంచి కేకేశారు: "ఇంకా పైకంటే డాబానే బాబూ!"

"అక్కడే, అక్కడే! కానివ్వండి!" అన్నాడు దర్శకుడు, తన ఇంట్లో ఏసీలో కూర్చుని.

నాలుగో అంతస్తులో మెట్లెక్కగానే ఎదురుగా ఉండేది రైల్వే గార్డుగా రిటైరైన తాతగారి ఫ్లాటు. ఎనభై దాటాయి, ఒక్కరే ఉంటారు, కొడుకు అమెరికాలో. ఆ ముందు వారమే ఆయాసంతో ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. పడుకునేటప్పుడు చెవి మిషను తీసి టీవీ మీద పెడతారు. మిషను లేకపోతే ఆయనకి ఏ రైలు కూతా వినపడదు.

ఆయన గుమ్మం ముందు నిలబడి, తెల్లవారుజామున, దేవర గారు శంఖం నిండుగా పూరించి జేగంట మోగించారు. ఒకసారి కాదు. టేకుల మీద టేకులు.

నేను హెడ్‌ఫోన్స్‌లో ఉన్నాను. ఫోను, రికార్డింగులో మోగకుండా, ఫ్లైట్ మోడ్‌లో ఉంది. అందుకే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరుగుతున్నది నాకు అందలేదు. మామూలుగా ఆ గ్రూపులో మోటారు ఆపలేదనీ, స్కూటరు అడ్డంగా పెట్టారనీ తప్ప కదలిక ఉండదు. ఆవేళ వాచ్‌మన్ మొదలుపెట్టిన దానికి దణ్ణాల బొమ్మలు వరసకట్టాయి. ఒకరు "ఓం శాంతి" అన్నారు. ఒకరు "నిన్ననే లిఫ్టులో నవ్వారు" అన్నారు. సెక్రటరీ గారు, తన నోట రాగల అతి పెద్ద మెచ్చుకోలుగా, "మెయింటెనెన్స్ ఒక్క నెల కూడా ఆపని మహామనిషి" అని రాశారు. ఎవరో వెళ్ళి తాతగారి బెల్లు కొట్టారు. తలుపు తెరుచుకోలేదు. ఇంకేం అనుమానం! సెక్రటరీ గారు ఫ్రీజర్ బాక్సుకి ఫోన్ చేశారు, ఇంకొకరు అమెరికాకి చేశారు.

పైకి చేరినవాళ్ళు దేవర గారికి దణ్ణాలు పెట్టి, ఆయన ముందు నోట్లు ఉంచడం మొదలుపెట్టారు. సినిమావాళ్ళు ఇంత మర్యాదస్థులని ఆయన అనుకోలేదట. షూటింగ్ అనుకుని ఆయన వాయిస్తూనే ఉన్నారు, చావనుకుని వీళ్ళు ఏడుస్తూనే ఉన్నారు. ఎదురింటి పిన్నిగారైతే, "పూతరేకులు తెచ్చిపెట్టమన్నావు, తేలేకపోయాను బాబాయ్!" అని అందుకున్నారు. నాకు హెడ్‌ఫోన్స్‌లో శంఖం వెనక సన్నగా ఓ జీర వినపడుతోంది. ట్యాబ్‌లో మా దర్శకుడు కళ్ళు మూసుకుని, "కోరస్ అదిరింది బ్రో, ముందే చెప్పలేదేం?" అంటున్నాడు. కోరస్ ఎవరికి చెప్పాను? గుండె ఝల్లుమని పైకి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి ఇద్దరు కుర్రాళ్ళు ఫ్రీజర్ బాక్సుని మెట్ల మలుపులో తిప్పలేక తంటాలు పడుతున్నారు. సరిగ్గా అప్పుడే తాతగారు పాల ప్యాకెట్ కోసం తలుపు తీశారు.

ఎవరూ ఊపిరి తీసుకోలేదు. వాచ్‌మన్ మాత్రం మూడు మెట్లు కిందకి దూకాడు. తాతగారు గుమ్మంలో ఉన్న జనాన్ని చూశారు, దేవర గారిని చూసి చేతులెత్తి దణ్ణం పెట్టారు, ఆఖర్న ఆ బాక్సుని చూశారు. మొహం వికసించింది.

"మావాడు పంపాడా? ఫ్రిజ్ పాడైందని మొన్ననే చెప్పాను. ఒరేయ్ అబ్బాయిలూ, ఫ్రిజ్‌ని అలా పడుకోబెట్టి తేకూడదురా! నిలబెట్టండి, నిలబెట్టండి!"

వాళ్ళకేం చెప్పాలో తోచక నిజంగానే నిలబెట్టబోయారు. ఈలోగా లోపల ఫోన్ వెలుగుతోందని ఎవరో తెచ్చిచ్చారు. అమెరికా నుంచి కొడుకు, వీడియోలో, గొంతు పూడుకుపోయి. "మా నాన్న... ఆఖరి క్షణాల్లో ఎవరైనా పక్కనున్నారా అండీ?" అన్నాడు. తాతగారికి అది వినపడలేదు. "ఆఁ, ఇప్పుడే వచ్చిందిరా! కానీ తలుపు అద్దంది పంపావేంటి, లోపల పెట్టిన కూరలన్నీ పైకి కనపడవూ?" అన్నారు.

తర్వాత చివాట్లు ఎవరు ఎవరికి పెట్టారన్నది పెద్ద కథ, సాగదియ్యను. పిన్నిగారు నాతో ఆరోజంతా మాట్లాడలేదు. తన ఏడుపు సినిమాలో ఉంటుందని తెలిశాక మర్నాడు పొద్దున్నే పెసరట్లు పంపించి, టైటిల్స్‌లో పేరు ఇంటిపేరుతో సహా వేయమన్నారు. తేలనిది ఫ్రీజర్ బాక్సు కిరాయి ఒక్కటే. కుర్రాళ్ళు, "మాకు మనిషి పోయాడా లేదా అన్నది సంబంధం లేదు సార్, బండి కదిలింది," అన్నారు, న్యాయమే. దర్శకుడిని అడిగితే, "అది మ్యూజిక్ కింద రాదు కదా బ్రో," అన్నాడు. ఆ విధంగా నా ఆర్.ఆర్. లెక్కల్లో వయొలిన్, మృదంగం, శంఖం తర్వాత ఫ్రీజర్ బాక్సు అనే పద్దు చేరింది.

ఇంత చేశాక ఎడిటరు ఆ సీన్లో 36 ఫ్రేములు కోసి కొత్త కట్ పంపాడు. "చిన్న మార్పే" అని రాశాడు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి ఒకటిన్నర సెకను. పాడె లేచేటప్పుడు పూరించాల్సిన శంఖం, మోసేవాడు భుజం మార్చుకునేటప్పుడు పూరించింది, అతనికి అభినందనలు చెబుతున్నట్టు. మళ్ళీ అంతా జరిపాను.

ఆ సాయంత్రం తాతగారు కర్ర పట్టుకుని మా ఫ్లాటుకి దిగొచ్చారు. "ఏదయ్యా, నా చావుకి వాయించింది? నాకు వినిపించవా? ఊరంతా విన్నారు, నేను తప్ప." చెవి మిషను మీద హెడ్‌ఫోన్స్ పెడితే కీచుమని కూసింది, అందుకని స్పీకర్లలో పెట్టాను. కళ్ళు మూసుకుని నిమిషం నలభై సెకన్లూ విన్నారు. రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన చెవులవి, తేలిగ్గా వదలవు.

"శంఖం ఊదగానే నీ ఫిడేళ్ళు మీద పడుతున్నాయి. కాస్త ఖాళీ వదులు. పోయినవాడికి తొందరేముంటుంది?"

వదిలి చూశాను. ఎంత బాగుందంటే, మా దర్శకుడు మర్నాడు అది తన ఆలోచనే అన్నాడు.

"బాగుందోయ్. నాకూ ఇదే పెట్టండి, మావాడికి చెప్పి ఉంచుతాను. ఆ పిన్ని ఏడుపు మాత్రం తీసెయ్, పూతరేకుల సంగతి నలుగురికీ తెలిస్తే డాక్టరు తిడతాడు." అని చొక్కా జేబులోంచి ఐదు వందల నోటు తీసి కీబోర్డు మీద పెట్టారు. "అడ్వాన్సు. ఉంచు."

ఈ వృత్తిలోకొచ్చాక నేను అడక్కుండా అడ్వాన్సు ఇచ్చిన నిర్మాత ఇంకొకరు లేరు. ఆ ఆనందంలో, అలవాటు కొద్దీ, నోట్లోంచి వచ్చేసింది: "డెలివరీ ఎప్పటికి కావాలి తాతగారూ?"

ఆయన కర్ర అందుకుని లేచారు. "నీ వీలు చూసుకుని చెయ్యి నాయనా, నావైపు నుంచి తొందరేం లేదు."